వ్యాధి పాపానికి సాక్ష్యం కాదు: వ్యాధిక్షమత్వ విచారణ



బాల్కొండ పరిసర గ్రామాలలో మాఘ ఫాల్గుణాలు పసుపు మాసాలు. భూమి నుండి తవ్విన కొమ్ములను ఉడికించి, కళ్ళాలలో ఆరబోసి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తరలిస్తారు. ఏ శుభకార్యం ఆరంభమైనా తొలి ఆసనం పసుపు గణపతిదే. గడపకు, మంగళసూత్రానికి, అక్షతలకు పసుపే వన్నె. గాయాన్ని మాన్పే పసుపు గుణంపై 1995లో అమెరికాలో మంజూరైన పేటెంటును భారతదేశపు సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ ప్రాచీన గ్రంథాల సాక్ష్యంతో సవాలు చేయగా, 1997లో అది రద్దయిన వృత్తాంతం కూడా ఈ ప్రాంత రైతులకు గర్వకారణం. 2025లో జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే వెలసింది.

కరోనా కాలం నుండి ఈ పసుపుతో పాటు మరొక పదం కూడా భజన మందిరాల దాకా వచ్చింది. ఆ పదం ‘ఇమ్యూనిటీ’. ఫలానా కషాయం తాగితే అది పెరుగుతుందని ఒకరు, ఫలానా ప్రాణాయామంతో రెట్టింపవుతుందని మరొకరు చెబుతున్నారు. దానికి అనుబంధంగా, పైకి అనకపోయినా మనస్సులలో తిరిగే మరొక మాట ఉన్నది: “ఆచారం సరిగా ఉన్నవాడికి రోగం రాదు. వచ్చిందంటే ఏదో పాపం పండింది.” మొదటి మాట అర్ధసత్యం. రెండవది అసత్యం మాత్రమే కాదు, అధర్మం కూడా. ఈ రెండింటినీ విచారించడానికి బాల్కొండ నుండి దూరం పోనక్కరలేదు. అదే 44వ నంబరు జాతీయ రహదారిపై ఆర్మూరు దాటి దక్షిణంగా సాగితే డిచ్‌పల్లి వస్తుంది. అక్కడ గుట్టపై ప్రాచీన రామాలయం ఉన్నది. అదే డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు రోగుల కోసం వెలసిన విక్టోరియా ఆసుపత్రి ఉన్నది. శరీరరక్షణ అనే విద్యకు దానికంటే గొప్ప పాఠశాల ఈ జిల్లాలో లేదు.

నవద్వారపురి

దేహాన్ని తొమ్మిది ద్వారాల పురమని గీతాచార్యుడు వర్ణించాడు. బాల్కొండ ఖిల్లాను చూచిన వారికి ఈ ఉపమానం సులభంగా బోధపడుతుంది. పురానికి ప్రాకారం ఉండాలి, ద్వారపాలకులు ఉండాలి, లోపల సైన్యం ఉండాలి. చర్మం దేహానికి ప్రాకారం. కన్నీరు, లాలాజలం, జఠరంలోని ఆమ్లం, శ్వాసనాళంలోని జిగురు పొర ద్వారరక్షకులు. వీటిని దాటి లోనికి వచ్చిన సూక్ష్మక్రిమిని మొదట ఎదుర్కొనేవి తెల్ల రక్తకణాలలోని భక్షక కణాలు. అవి పుట్టుకతోనే సిద్ధంగా ఉంటాయి. వచ్చినవాడి పేరు అడగవు. సూక్ష్మక్రిముల సామాన్య లక్షణాలను గుర్తించి మింగివేస్తాయి.

వాటి వలన కాని శత్రువు వచ్చినపుడు రెండవ శ్రేణి రంగప్రవేశం చేస్తుంది. కొన్ని కణాలు చారుల వలె ఆ క్రిమి శకలాలను మోసుకొని సమీప శోషరస గ్రంథులకు చేరి, అక్కడి టీ-కణాలకు, బీ-కణాలకు చూపుతాయి. ఒక్కొక్క కణం ఒక్కొక్క ఆకృతిని మాత్రమే గుర్తించగలదు. తనకు సరిపోయిన ఆకృతి కనిపించిన కణం వేల సంఖ్యలో తన ప్రతిరూపాలను సృష్టించుకుంటుంది. బీ-కణాలు ప్రతిరక్షకాలనే అణువులను రక్తంలోకి విడుస్తాయి. టీ-కణాలలో కొన్ని రోగగ్రస్త కణాలను స్వయంగా నశింపజేస్తాయి. మరికొన్ని భక్షక కణాలకు బలాన్ని, ఆజ్ఞను ఇస్తాయి. ఈ సన్నాహానికి కొన్ని దినాలు పడుతుంది కనుకనే జ్వరం వచ్చిన మొదటి రోజే తగ్గదు.

యుద్ధం ముగిసిన తరువాత అధిక సైన్యం నశిస్తుంది, కొన్ని కణాలు మాత్రం స్మృతిని ధరించి సంవత్సరాల తరబడి నిలుస్తాయి. అనుభవం సంస్కారంగా మిగిలి, తిరిగి అదే విషయం ఎదురైనపుడు ప్రత్యభిజ్ఞను కలిగిస్తుందని దర్శనకారులు మనస్సును గూర్చి చెప్పిన మాట ఇక్కడ కణాల స్థాయిలో సరిపోతున్నది. టీకా చేసే పని ఇదే. రోగం లేకుండానే ఆ సంస్కారాన్ని కలిగిస్తుంది. మశూచి ప్రపంచం నుండి నిర్మూలమైనట్లు 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించగలిగినది ఈ స్మృతి బలం చేతనే.

క్షమ అనే ధాతువు

ఆయుర్వేదం ఈ శక్తికి ఇచ్చిన పేరు వ్యాధిక్షమత్వం. చరకసంహితలో కనిపించే ఈ పదానికి పదకొండవ శతాబ్దపు వ్యాఖ్యాత చక్రపాణిదత్తుడు రెండు అంగాలు చెప్పాడు: వచ్చిన వ్యాధి బలాన్ని ఎదిరించడం, వ్యాధి పుట్టకుండా అడ్డగించడం. ఈ పదంలోని ధాతువు మాత్రం యుద్ధాన్ని సూచించదు. ‘క్షమ్’ అంటే సహించడం, ఓర్చుకోవడం. ఆధునిక శాస్త్రం చాలా ఆలస్యంగా చేరిన ఒక సత్యానికి ఈ ధాతువు ద్వారం తెరచినట్లున్నది.

ఛాతీలో హృదయానికి పైభాగాన థైమస్ అనే గ్రంథి ఉన్నది. ఎముక మజ్జలో పుట్టిన టీ-కణాలు ఇక్కడ పరీక్షకు నిలబడతాయి. స్వదేహపు కణాలను శత్రువులుగా భావించి విజృంభించే కణాలు ఇక్కడే నశిస్తాయి. మొత్తం మీద ఈ పరీక్షలో ఉత్తీర్ణమై బయటకు వచ్చేవి అత్యల్పం. అప్పటికీ తప్పించుకొని వచ్చిన వాటిని అదుపు చేయడానికి నియంత్రక టీ-కణాలనే వేరొక వర్గం ఉన్నది. ఈ సహన వ్యవస్థను వెలికి తీసినందుకే షిమోన్ సకాగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి లభించింది. అంతకు ముందు 1960లో బర్నెట్, మెడావర్‌లు ఇదే సహన తత్త్వానికి సంబంధించిన పరిశోధనకు ఆ గౌరవం పొందారు.

సహనం లోపిస్తే ఏమవుతుంది? రక్షక కణాలు కీళ్ళ పొరలపై దాడి చేస్తే కీలువాతం. క్లోమంలోని ఇన్సులిన్ కణాలపై దాడి చేస్తే బాలలలో సంభవించే మొదటి తరహా మధుమేహం. పుప్పొడి వంటి నిరపాయ పదార్థాన్ని శత్రువుగా భ్రమిస్తే ఉబ్బసం, తుమ్ములు. కీలువాత రోగికి వైద్యుడు ఇచ్చే ప్రధాన ఔషధాలలో ఒకటి మెథోట్రెక్సేట్. ఇది క్షమత్వ కణాల ఉద్రేకాన్ని తగ్గిస్తుంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో అమెరికాలోని లెడర్లే పరిశోధనాశాలలో జరిగిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల నుండి ఈ కోవ ఔషధాలు అవతరించాయి. అంటే ‘ఇమ్యూనిటీని పెంచాలి’ అనే నినాదం ఆ రోగి విషయంలో నేరుగా హానికరం. శరీరానికి కావలసినది ఆధిక్యం కాదు, సామ్యం. యుక్తాహార విహారాలను బోధించిన గీతామార్గం దేహం లోపల కూడా ఇదే.

పసుపు విషయంలోనూ ఇంతే చెప్పవలసి ఉన్నది. అది పవిత్రం, రుచ్యం, గాయాలపై లేపనంగా తరతరాల అనుభవం గలది. అందులోని కర్క్యుమిన్ అనే పదార్థం మాత్రం నోటి ద్వారా తీసుకున్నపుడు రక్తంలోకి చాలా స్వల్పంగా చేరుతుంది. పసుపు పాలు టీకాకు, వైద్యుడికి ప్రత్యామ్నాయం కావు. ఆహారం, నిద్ర, శుచిత్వం, టీకా, చికిత్స కలిసి చేసే రక్షణను ఒక్క చిటికెడు పసుపుపై మోపడం పసుపుకు గౌరవం కాదు.

డిచ్‌పల్లి చెప్పే పాఠం

క్షమత్వం విఫలమైనపుడు జరిగేది కుష్ఠు వ్యాధిలో ప్రత్యక్షంగా కనిపిస్తుంది. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ దీని కారక క్రిమిని కనుగొన్నాడు. ఈ క్రిమి అతి మందగమని. ఒకటి రెండు కావడానికి ఇంచుమించు రెండు వారాలు పడుతుంది. శరీరంలో ప్రవేశించిన తరువాత లక్షణాలు బయటపడడానికి సగటున 5 సంవత్సరాలు, ఒక్కొక్కపుడు 20 సంవత్సరాలు కూడా పట్టవచ్చు. చికిత్స పొందని రోగితో దీర్ఘకాలం సన్నిహితంగా ఉన్నపుడు ముక్కు, నోటి తుంపరల ద్వారా వ్యాపిస్తుంది. చేయి కలిపినందువలన, ప్రక్కన కూర్చున్నందువలన, ఒక పంక్తిలో భుజించినందువలన రాదు.

ముఖ్యమైన విషయం ఇది: మనుష్యులలో నూటికి 95 మందికి ఈ క్రిమిని ఎదిరించే శక్తి సహజంగా ఉన్నది. వారి దేహంలోకి అది ప్రవేశించినా రోగం పుట్టదు. మిగిలిన కొద్దిమందిలో రోగపు స్వరూపాన్ని నిర్ణయించేది కూడా ప్రధానంగా క్రిమి కాదు, వారి క్షమత్వమే. టీ-కణాల ప్రతిస్పందన బలంగా ఉన్నవారిలో ఒకటి రెండు మచ్చలతో రోగం పరిమితమవుతుంది, క్రిములు అతి స్వల్పం. కాని ఆ క్రిములు నాడులలో దాగినందున, వాటిపై రక్షక కణాలు చేసే దాడిలో నాడి కూడా దెబ్బతింటుంది. మచ్చపై స్పర్శ పోతుంది. ఆ ప్రతిస్పందన మౌనంగా ఉన్నవారిలో క్రిములు కోట్ల సంఖ్యలో పెరిగి చర్మమంతటా వ్యాపిస్తాయి. విచిత్రమేమంటే, వీరి రక్తంలో ప్రతిరక్షకాలు పుష్కలంగా ఉంటాయి. క్రిమి కణాల లోపల నివసిస్తున్నందున అవి దానిని చేరలేవు. ఇదే మనిషి ఇతర రోగాలను మామూలుగానే ఎదిరించగలడు. ఒక్క ఈ క్రిమి విషయంలోనే అతని సైన్యం నిద్రిస్తున్నది.

ఒకే క్రిమి. ఒకచోట క్షమత్వం యొక్క ఉద్రేకం నాడిని కాల్చింది. మరొకచోట దాని నిద్ర దేహాన్ని అప్పగించింది. చికిత్స మొదలైన తరువాత కూడా కొందరిలో క్షమత్వం హఠాత్తుగా మేల్కొని మచ్చలు ఎర్రబారి నాడులు వాచిపోతాయి. అపుడు దానిని శమింపజేసే ఔషధం వెంటనే ఇవ్వకపోతే చేయి వంకర పోవచ్చు, కాలు జారిపోవచ్చు. స్పర్శ పోయిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడుతుంది, వేళ్ళు క్షీణిస్తాయి. లోకం ‘పెద్దరోగం’ అని భయపడిన ఆ అంగవైకల్యంలో అధిక భాగం క్రిమి నేరుగా చేసినది కాదు. నొప్పి అనే కావలివాడు లేనందున జరిగినది.

డిచ్‌పల్లి ఆసుపత్రిని స్థాపించినవారు స్కాట్లండ్ నుండి వచ్చిన వైద్యురాలు ఇసాబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్. దానికి విశేషంగా ధనమిచ్చినవాడు ఇందూరు ప్రాంతపు ధనికుడు, హిందువు అయిన రాజా నర్సాగౌడ్. వారి మతం వేరు, అతని మతం వేరు. రోగి ముందు ఆ భేదం నిలువలేదు. ఆనాటి చికిత్స చాల్‌మూగ్రా జాతి గింజల తైలాన్ని సూదిమందుగా ఎక్కించడం. ఆ జాతి వృక్షమే తువరకం. దాని తైలాన్ని కుష్ఠంలో వాడవలసిన విధానాన్ని సుశ్రుతసంహిత ఎన్నడో విధించింది. సుశ్రుతుని తువరకం విదేశీ వైద్యురాలి చేతిలో తెలంగాణ రోగికి చేరిన ఘట్టం అది.

1940వ దశకంలో సల్ఫోన్ ఔషధాలు వచ్చాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, డాప్సోన్, క్లొఫాజిమిన్‌ల సంయుక్త చికిత్సను సిఫారసు చేసింది. క్రిములు తక్కువగా ఉన్నవారికి 6 నెలలు, ఎక్కువగా ఉన్నవారికి 12 నెలలు చాలు. చికిత్స ఆరంభమైన కొద్దికాలంలోనే ఇతరులకు వ్యాపించే గుణం నశిస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఔషధం ఉచితం. పదివేల మందికి ఒక్కరికంటే తక్కువ అనే స్థాయిని దేశం 2005 డిసెంబరు నాటికి చేరింది. అయినా ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే రోగులలో సగానికి పైగా నేటికీ భారతదేశంలోనే ఉన్నారు. ఔషధం ఉచితంగా ఉన్నప్పటికీ ఈ స్థితికి గల కారణాలలో భయం, సిగ్గు ప్రధానమైనవి. మచ్చను పైట కొంగు క్రింద, చొక్కా క్రింద దాచిపెట్టే ఆ సిగ్గుకు మూలం ‘పాపఫలం’ అనే మాట.

కర్మ సిద్ధాంతం ఎవరి కోసం?

ఇక్కడ ఆస్తికుల పక్షాన ఒక ఆక్షేపణ రావచ్చు. కుష్ఠం పాపకర్మ వలన కలుగుతుందని ధర్మగ్రంథాలలోను, ఆయుర్వేదంలోను కూడా ఉన్నది కదా, దానిని ఎలా త్రోసిపుచ్చడం? ఆక్షేపణ న్యాయమైనదే. దాచవలసిన పని లేదు, సమాధానం చెప్పవలసిన పని ఉన్నది.

మొదటిది, ఆయుర్వేదంలో కుష్ఠమనే పదం ఒక్క రోగానికి పేరు కాదు. ఏడు మహాకుష్ఠాలు, పదకొండు క్షుద్రకుష్ఠాలు కలిపి పద్దెనిమిది చర్మవ్యాధుల వర్గం అది. నేటి వైద్యులు తామర వంటివని చెప్పేవి కూడా అందులో ఉన్నాయి. ఆ పదానికి చెప్పిన నిదానాన్ని హాన్సెన్ క్రిమి గల ఒక్క రోగిపై మోపడం పదార్థజ్ఞాన లోపం. రెండవది, అదే ఆయుర్వేదం విరుద్ధాహారాన్ని, దినచర్యా దోషాలను కూడా కారణాలుగా లెక్కించింది. సుశ్రుతుడు కుష్ఠాన్ని సంపర్కం వలన ఒకరి నుండి మరొకరికి సంక్రమించే రోగాలలో చేర్చాడు. పాపం ఒకరి శ్వాస నుండి మరొకరికి అంటుకోదు. మూడవది, 12 నెలల ఔషధంతో నశించేది పాపమైతే ప్రాయశ్చిత్త శాస్త్రమంతా ఔషధశాలకు అప్పగించవలసి వస్తుంది. ఔషధంతో నశించినది క్రిమి కనుక, రోగానికి దృష్టకారణం క్రిమియే. దృష్టకారణం లభించినపుడు అదృష్టాన్ని కల్పించరాదనే న్యాయం మీమాంసకులకు సుపరిచితం.

అయితే కర్మ సిద్ధాంతం వ్యర్థమా? కాదు. అది ఎవరిని సంబోధిస్తున్నదో తెలియాలి. తన దుఃఖాన్ని తాను చూచుకునే వేళ అది సాధకుడికి ధైర్యాన్ని, బాధ్యతను ఇస్తుంది. పరుల దుఃఖం ఎదుట నిలిచినపుడు అతనికి విధించబడినది దయ. కర్మగతి గహనమని భగవానుడే చెప్పగా, పొరుగువాడి చర్మంపై మచ్చను చూచి అతని పూర్వజన్మను చదవగలనని తలచడం అహంకారం. కర్మను అద్దంగా వాడుకున్నవాడు సాధకుడు. దానినే రాయిగా చేసి విసిరినవాడు కొత్త పాపాన్ని ఆర్జిస్తున్నాడు.

ఆ రాయి ఎంతకాలం చట్టంలో కూడా నిలిచినదో గమనించదగినది. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టం 2016లో గాని రద్దు కాలేదు. హిందూ వివాహ చట్టంలో జీవిత భాగస్వామికి కుష్ఠు ఉండడం విడాకులకు ఒక కారణంగా 2019 వరకు ఉన్నది. నయమయ్యే రోగానికి అగ్నిసాక్షి వివాహాన్ని తెంచే అధికారం ఇచ్చిన ఆ వాక్యాన్ని పార్లమెంటు తొలగించింది. చట్టం మారింది, మనస్సులు మారవలసి ఉన్నవి. సేవాగ్రాంలో కుష్ఠు వ్యాధిగ్రస్తుడైన సంస్కృత పండితుడు పర్చూరే శాస్త్రికి గాంధీజీ స్వహస్తాలతో పుండ్లు కడిగి, మర్దన చేశాడు. వేదశాస్త్రాలు చదివిన పండితుడికే ఆ రోగం వచ్చినది. దానిని పాపఫలమని ఎవరు నిర్ణయించగలరు?

ఆత్మ, అనాత్మ

క్షమత్వ శాస్త్రంలో ‘స్వ’, ‘పర’ అనే మాటలు తరచుగా వినిపిస్తాయి. వాటిని చూచి కొందరు వేదాంతప్రియులు కణాలకు ఆత్మానాత్మ వివేకం ఉన్నదని ఉత్సాహపడుతున్నారు. ఇది జాగ్రత్తగా చూడవలసిన విషయం. కణాలు రక్షించే ‘స్వ’ అన్నమయ కోశం మాత్రమే. అది కూడా శుద్ధమైన ఏకవస్తువు కాదు. పేగులలోను, చర్మంపైనను నివసించే సూక్ష్మజీవుల సంఖ్య దేహకణాల సంఖ్యకు ఇంచుమించు సమానం. అవి లేకపోతే క్షమత్వం సరిగా వికసించదు. గర్భంలోని శిశువులో సగం లక్షణాలు తండ్రివి. తల్లి దేహం ఆ ‘పరుణ్ణి’ తొమ్మిది నెలలు సహించి పోషిస్తుంది. ఆ సహనం లేకపోతే మానవజాతియే లేదు. దేహస్థాయిలో కూడా స్వపర రేఖ కదులుతూ ఉంటుంది. అటువంటి రేఖను ఆత్మస్వరూపమని భ్రమించరాదు. సాక్షి ఆ రేఖకు అతీతుడు. కుష్ఠు వ్యాధిగ్రస్తునిలోను, వైద్యునిలోను, ఆలయ ద్వారాన వారిని దాటిపోయే భక్తునిలోను అతడు ఒక్కడే.

ఈ సమదర్శనం గ్రంథాలలో మిగిలిపోకుండా ఆచరణలోకి రావడానికి పెద్ద యజ్ఞాలు అక్కరలేదు. చర్మం రంగుకంటే లేతగా లేదా ఎర్రగా ఉండి, స్పర్శ తెలియని మచ్చ ఎవరికైనా కనిపిస్తే, చేతులలో కాళ్ళలో తిమ్మిరి, పట్టు సడలడం కనిపిస్తే, ఆలస్యం లేకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలని సత్సంగంలో ఒక్కమారు చెప్పడం చాలు. ఇంట్లోని మిగిలినవారిని కూడా పరీక్షింపజేయడం, పిల్లలకు టీకాలు తప్పకుండా వేయించడం దానికి తోడు. క్షయ నివారణకు వేసే బి.సి.జి. టీకా కుష్ఠు నుండి కూడా కొంత రక్షణ ఇస్తుంది. గాంధీజీ వర్ధంతి అయిన జనవరి 30 దేశంలో కుష్ఠు నివారణ దినం. ఆనాడు ప్రతి భజన మండలి ఈ మాటను హారతికి ముందు ప్రకటించవచ్చు. చికిత్స పూర్తి చేసుకున్నవారిని అన్నదాన పంక్తిలో అందరి మధ్య కూర్చోబెట్టడం ఆ ప్రకటనకు ప్రమాణం. ద్వారం వద్ద దూరం నుండి నాణెం విసిరినది దానం అనిపించుకోదు.

దేహం తన రక్షణకు రెండు విద్యలు నేర్చింది: ఎదిరించడం, సహించడం. వాటిలో ఏది ఎక్కడ వాడాలో తెలియనపుడు రోగం పుడుతున్నది. సమాజానికి కూడా ఇదే వర్తిస్తుంది. క్రిమిని ఎదిరించవలసినచోట రోగిని ఎదిరించిన సమాజం తన అవయవాలపై తానే దాడి చేసుకుంటున్న దేహం వంటిది. బాల్కొండ పసుపుతో గణపతిని చేసి విఘ్నాలు తొలగించమని ప్రార్థించే చేతులు, స్పర్శ కోల్పోయిన మరొక చేతిని సంకోచం లేకుండా పట్టుకోగలిగిన నాడు ఆ పూజ సఫలమవుతుంది.

స్వస్తి.